జపానోళ్ళు కట్టిన వైరు

మా ఊరి ఐటీఐలో మోటారు మెకానిక్ చదువుతున్నవాళ్ళతో ఒక గంట మాట్లాడమని ప్రిన్సిపాల్‌గారు అడిగారు. నిలబడి మాట్లాడటం నాకు రాదు. బతుకంతా బళ్ళ ముందు వంగి పనిచేసినవాణ్ణి. నలభైమంది నా ముఖం చూస్తూ కూర్చుంటే నోరు పెగలదు. రాసిస్తానని చెప్పాను. ఇది అదే.

నేను ఎప్పుడు చేరాను, ఎప్పుడు పెద్ద మెకానిక్ అయ్యాను, జీతం ఎలా పెరిగింది అన్నవి మీకు పనికిరావు. తొంభైల్లో ఖతార్‌లో, దోహా పక్కన సనాయాలో ఒక మోటారు సైకిళ్ళ షాపులో పనిచేశాను. సనాయా అంటే షెడ్లు, గ్యారేజీలు మాత్రమే ఉండే పారిశ్రామిక వాడ. ఆ దేశంలో అప్పట్లో అందరికీ కార్లే. బైకులు రెండు రకాలు వచ్చేవి. తోటల్లోనూ దుకాణాల్లోనూ పనికి వాడే పాత బళ్ళు ఒక రకం. ఉన్నవాళ్ళు సరదాకి కొన్న పెద్ద బళ్ళు ఇంకో రకం. మొదటివాళ్ళు బండి చచ్చాక తెచ్చేవారు. రెండోవాళ్ళు బండి తుమ్మితే తెచ్చేవారు.

నాతో పనిచేసిన మల్లేశం అన్న ఏడు నెలల క్రితం పోయాడు. జగిత్యాల దగ్గరి మనిషి. నాకన్నా తొమ్మిదేళ్ళు పెద్ద. నేను గోదావరి జిల్లా వాణ్ణి. పాలిటెక్నిక్ డిప్లొమా చేతిలో పెట్టుకుని వెళ్ళాను. ఆయన ఏ డిప్లొమా లేకుండా ఇంజను మీద అరచెయ్యి ఆనించి రోగం చెప్పేవాడు. నాకు పుస్తకాలు చదివే అలవాటుంది గాని, ఈ ఏడు నెలల్లో ఒక్కటీ పూర్తి చెయ్యలేదు. రాయడం మాత్రం సాగుతోంది. కాబట్టి ఆయన ఉన్న సంగతులే రాస్తాను. అన్నిట్లోనూ ఒక ఎర్రలైటు ఉంటుంది.

ఆ లైటు ఏమిటి

కొన్ని బళ్ళకు మీటర్ల పక్కన నూనె డబ్బా బొమ్మతో చిన్న ఎర్రలైటు ఉంటుంది. తాళం తిప్పగానే అది వెలగాలి. ఇంజను స్టార్టయి, నూనెకు ఒత్తిడి రాగానే ఆరిపోవాలి. ఇంతే. దాని వెనక ఉన్న ఏర్పాటు కూడా చిన్నదే. ఇంజను పక్కన బొటనవేలంత స్విచ్చి, దాని నుంచి లైటు దాకా ఒకే ఒక్క వైరు. ఒత్తిడి లేకపోతే స్విచ్చి ఆ వైరును బండి ఇనుముకు కలుపుతుంది, లైటు వెలుగుతుంది. ఒత్తిడి వస్తే విడదీస్తుంది, లైటు ఆరుతుంది.

అంటే లైటుకు నూనె గురించి ఏమీ తెలియదు. తన వైరు ఇనుముకు తగిలిందా లేదా అన్నది ఒక్కటే దానికి తెలుసు. మీరు ఇక్కడితో చదవడం ఆపేసినా ఫరవాలేదు. మిగతాదంతా ఈ ఒక్క ముక్కను నేనెలా నేర్చుకున్నానన్నదే.

టేపు వైద్యం

ఉమ్ సలాల్‌లో ఒక తోట నుంచి ట్రాక్టరు డ్రైవరు ఒకాయన పాత రెండు సిలిండర్ల బండి తెచ్చాడు. ఇంజనులో గులకరాళ్ళు ఆడుతున్నట్టు చప్పుడు. మల్లేశం అన్న మీటర్ల వైపు చూశాడు. ఎర్రలైటు ఉండాల్సిన చోట నల్లటేపు, నాలుగు పొరలు, అంచులు కూడా చక్కగా కత్తిరించి ఉన్నాయి.

"ఇదేంది?" అన్నాడు అన్న, హిందీలో.

"లైటు ఊరికే వెలుగుతోందని తోటలో ఒక మెకానిక్‌కు చూపించాను. ఆయన బాగు చేశాడు. అప్పటినుంచి రాలేదు."

అన్న టేపు పీకాడు. లైటు ఎర్రగా చూసింది. కింద గిన్నె పెట్టి బోల్టు విప్పితే రెండు గరిటెల నల్లటి ద్రవం వచ్చింది. అన్న గిన్నె నా ముందు పెట్టి తెలుగులో, "తాలింపుకు గూడ సాలది తమ్మీ," అన్నాడు.

ఇంజను బాగు చేశాం. వెళ్ళేటప్పుడు ఆ డ్రైవరు నసిగాడు. "టేపు మళ్ళీ వేస్తారా? ఎప్పుడైనా వెలిగితే కళ్ళకు కొడుతుంది."

మీరు నవ్వుతారు. నవ్వండి. దీనికి సరిగ్గా తిరగేసిన తప్పు నేను చేశాను. ఒక బండికి సర్వీసు చేసి, లైటు వెలగడం లేదు గనక నూనె ఒత్తిడి బాగుందని రాసి పంపించాను. తాళం తిప్పినప్పుడు అసలు వెలిగిందా లేదా అని చూడలేదు. బల్బు ఎప్పుడో పోయింది. మూడో రోజు ఆ బండి లారీ ఎక్కి తిరిగి వచ్చింది. టేపు వేసిన మెకానిక్‌కూ నాకూ తేడా ఏమిటంటే, ఆయన టేపు ఖర్చు పెట్టాడు, నేను అదీ పెట్టలేదు.

ఫోర్‌మన్ వర్గీస్

మా ఫోర్‌మన్ వర్గీస్ కేరళ మనిషి. ఇంజను విప్పి మళ్ళీ కట్టడంలో అంత శుభ్రమైన చెయ్యి నేను తర్వాత చూడలేదు. పనిముట్లు కడిగి, తుడిచి, వరసలో పెట్టనిదే భోజనానికి వెళ్ళనిచ్చేవాడు కాదు. ఆయనలో లోపం ఒక్కటే. కస్టమరంటే భయం. కస్టమరు కోపంగా ఉంటే ఎవరో ఒకరి తప్పు ఉండి తీరాలని, ఆ ఒకరు తన కింద పనిచేసేవాడే అయి ఉంటాడని ముందే నిర్ణయించుకునేవాడు. షాపు యజమాని వారానికి ఒకసారి వచ్చి, వర్గీస్ చెప్పింది విని, తల ఊపి వెళ్ళిపోయేవాడు. కాబట్టి మాలో ఎవరుండాలి, ఎవరు విమానం ఎక్కాలి అన్నది వర్గీస్ భయం మీద ఆధారపడి ఉండేది. మంచి పనివాడు చెడ్డ న్యాయాధికారి కావచ్చు. మీకు ఇలాంటివాళ్ళు తప్పకుండా తగులుతారు.

బూ సాలెం బండి

అల్ వక్రాలో రెండు చేపల పడవల యజమాని ఒకాయన ఉండేవాడు. సాలెం తండ్రి అనే అర్థంలో అందరూ బూ సాలెం అనేవారు. మంచి మనిషి, భారీ మనిషి. వెయ్యి సీసీల జపాను బండి ఆయనది. దాన్ని ఇంట్లో వరండాలో, తన చెప్పుల పక్కన పెట్టుకునేవాడు.

ఆ బండి సర్వీసుకు వచ్చింది. నూనె మల్లేశం అన్న మార్చాడు. బ్యాటరీ నేను మార్చాను. ఈ చివరి వాక్యం గుర్తుపెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.

రెండు రోజుల్లో బూ సాలెం తిరిగొచ్చాడు. "సదీక్, లాల్ బత్తీ," అన్నాడు. మిత్రమా, ఎర్రలైటు అని. వర్గీస్ బండెక్కి సనాయా అంతా తిరిగొచ్చాడు. లైటు లేదు. బూ సాలెం ఎక్కి అల్ వక్రా వెళ్ళాడు. దారి పొడుగునా లైటు. మళ్ళీ తెచ్చాడు. నేను ఎక్కాను, లేదు. అన్న ఎక్కాడు, లేదు. ఆయన ఎక్కి గేటు దాటగానే వెలిగింది.

"బండికి ఆయనంటే భయమున్నట్టుంది తమ్మీ," అన్నాడు అన్న.

మూడోసారి బండిని పికప్‌లో వేసుకుని తెచ్చాడు. శుక్రవారం నమాజు తర్వాత మిత్రులతో కలిసి మదీనత్ అల్ షమాల్ వెళ్ళాలట. అంటే దోహా కింద నుంచి దేశం పై చివర దాకా. తొమ్మిది బళ్ళు, ముందు తన బండి. దారిలో ఇంజను పట్టేసి మిత్రుల ముందు నిలబడిపోతే ఇక అల్ వక్రాలో తల ఎత్తుకోలేనన్నాడు. అది సోమవారం.

వర్గీస్‌కు చెమటలు పట్టాయి. నూనె మార్చాక లైటు వచ్చింది, కాబట్టి నూనె తప్పు, కాబట్టి మల్లేశం తప్పు. ఇది ఆయన లెక్క.

"నేను పోసింది కంపెనీ జెప్పిన ఇరవై యాభై నంబరు నూనెనే. డబ్బా గూడ ఆడనే ఉంది," అన్నాడు అన్న.

స్విచ్చి విప్పి దాని చోట ఒత్తిడి కొలిచే మీటరు బిగించాం. చల్లగా ఉన్నప్పుడు బాగుంది, వేడెక్కాక కూడా బాగుంది. వర్గీస్ మీటరు వైపు చూశాడు, బూ సాలెం ముఖం గుర్తు చేసుకున్నాడు, మీటరు పాతదన్నాడు. గురువారం పొద్దున బూ సాలెం వస్తాడు, ఆయన ముందే ఇంజను విప్పుదాం, బేరింగులు పోయి ఉంటే మల్లేశం ఎగ్జిట్ మీద ఇంటికి వెళ్తాడు అన్నాడు. ఎగ్జిట్ అంటే వీసా రద్దు. మళ్ళీ రెండేళ్ళ దాకా ఆ దేశంలో కాలు పెట్టడానికి లేదు.

అన్న ఆ పూట ఎవరికో అప్పగించేవాడిలా పనిముట్లు తుడిచి వరసలో పెట్టాడు. అది చూసే నాకు ఎక్కువ భయం వేసింది.

మూడు సంచుల బాస్మతి

కస్టమరు బండి మీద భోజనానికి వెళ్ళకూడదు. మంగళవారం మేం వెళ్ళాం. మా మెస్సు రెండు వీధుల అవతల. ఎండకు రోడ్డు మీద నడవబుద్ధి కాలేదు. నేను నడుపుతున్నాను, అన్న వెనక ఎక్కాడు. సందు తిరగ్గానే ఎర్రలైటు వెలిగింది.

"అన్నా, లైటు!"

"నన్ను దిగమంటవా?"

దిగాడు. లైటు ఆరింది. ఎక్కాడు. వెలిగింది. నడిరోడ్డు మీద ఆయన నాలుగుసార్లు ఎక్కి దిగాడు. ఎదురు దుకాణంలో పఠాను ఒకాయన మాకు బండి ఎక్కడం రాదనుకుని సాయం రాబోయాడు.

అన్న రోడ్డు మీదే నిలబడి ఆలోచించాడు. "ఇద్దరెక్కితె వస్తది. మరి ఆయన ఒక్కడే ఎక్కితె ఎందుకొస్తది?" అని ఆగి, మెల్లగా అన్నాడు. "ఆయన ఒక్కడే ఇద్దరు గద."

అనుమానాన్ని కొలిచి చూడాలి. మెస్సు వెనక గదిలో ఇరవై కిలోల బాస్మతి సంచులుంటాయి. మూడింటిని బయటికి మోసుకొచ్చాను. ఇంజను నడుస్తుండగా నేను బండి మీద కూర్చున్నాను. నా బరువు యాభై అయిదు. అన్న ఒక సంచి నా వెనక పెట్టాడు. లేదు. రెండోది. లేదు. మూడో సంచి పెట్టగానే వెలిగింది. వంటాయన గరిటె పట్టుకుని బయటికొచ్చాడు.

"ఏంజేస్తున్నరు నా బియ్యంతోని?"

"బండికి పెడుతున్నం. తినట్లేదు," అన్నాడు అన్న.

సంచులు దింపాం. అన్న బియ్యం లోపల పెట్టి, వంటాయనను చల్లబరచడానికి వెళ్ళాడు. నేను సీటు ఎత్తాను. లైటు వైరు మిగతా వైర్లతో కలిసి సీటు కింద నుంచే ముందుకు వెళ్తుంది. అది చట్రపు కమ్మీకి లోపలి వైపున ఉండాలి. పైన ఉంది. సీటు అడుగున ఉండే ఇనుప కొక్కెం సరిగ్గా దాని మీద ఆనుతోంది. వైరు తోలు ఊడి రాగి కనబడుతోంది. సన్నవాడు కూర్చుంటే కొక్కెం తాకదు. బరువు పడితే రాగి కమ్మీకి అంటుకుంటుంది. లైటు వెలుగుతుంది. నూనె పాపం ఏమీ లేదు.

ఆ వైర్లను కమ్మీకి కలిపి నల్లటేపుతో కట్టి ఉంది. నేను ఎడమచేతివాణ్ణి. నేను చుట్టిన టేపు అందరిదీ తిరిగే వైపు తిరగదు. అది నా వైపే తిరిగి ఉంది. బ్యాటరీ మార్చి, వైర్లు సర్ది, నేను కట్టిందే అది.

సీటు మూసేశాను. అన్న వచ్చాక వైరు నలిగిందని చెప్పాను. ఎవరు కట్టారో చెప్పలేదు.

గురువారం పొద్దున

అప్పటికప్పుడు వైరు సరిచేసి ఊరుకుంటే సరిపోదు. లైటు రాకపోయినా వర్గీస్ నమ్మడు. నూనె పాడైందన్న మాట అన్న మీద అలాగే ఉండిపోతుంది. బూ సాలెం కళ్ళ ముందే తేలాలి. అందుకని సీటు కింద వైరును అలాగే ఉంచాను.

గురువారం అందరూ నిలబడి ఉండగా ఇంజను దగ్గర స్విచ్చి నుంచి వైరు పీకేశాను. తాళం తిప్పాను. లైటు లేదు. "ఇప్పుడు ఇంజనుకూ లైటుకూ సంబంధం లేదు. ఇంకా లైటు వెలిగితే అది నూనె వల్ల కాదు," అన్నాను. తర్వాత బూ సాలెంతో, "బాబా, తఫద్దల్," అన్నాను. దయచేసి కూర్చోండి అని.

కూర్చున్నాడు. లైటు వెలిగింది.

లేచాడు. ఆరింది.

కూర్చున్నాడు. వెలిగింది. లేచాడు. మమ్మల్ని ఒక్కొక్కరినీ చూశాడు. వేలు తన గుండెకు ఆనించుకుని, "అనా?" అన్నాడు. నేనా, అని.

కస్టమరు బరువు గురించి కస్టమరుతో ఎలా మాట్లాడాలో మా వృత్తిలో ఎవరూ నేర్పరు. వర్గీస్ గట్టిగా దగ్గాడు. మల్లేశం అన్న ముందుకొచ్చి, "బాబా మాఫీ ముష్కిల్. సీటు మాఫీ గుడ్," అన్నాడు. తమరిలో ఏ ఇబ్బందీ లేదు, సీటే మంచిది కాదు అని.

బూ సాలెం నన్ను ఎక్కమన్నాడు. లైటు లేదు. వర్గీస్‌ను ఎక్కమన్నాడు. ఫోర్‌మన్ అయ్యాక వర్గీస్‌కు బొజ్జ వచ్చింది గాని సనాయా తిరిగిన రోజున లైటు రాలేదు. ఆ వేళ ఆయన భయంతో బిగుసుకుని ధబేలున కూర్చున్నాడు. లైటు ఒక్కసారి వెలిగి ఆరింది. వర్గీస్ బండి మీంచి దూకేశాడు.

బూ సాలెం నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి టైర్ల దొంతర మీద చతికిలబడ్డాడు. ఆ తర్వాత అరగంట పాటు షాపులో పనేమీ జరగలేదు. అందరినీ వరసగా ఎక్కించాడు. ఎవరికీ వెలగకపోతే ఇద్దరిద్దరిని ఎక్కించాడు. పక్క టైర్ల షాపు వాళ్ళు కూడా వచ్చి వరసలో నిలబడ్డారు. ఒక్కడే కూర్చుని లైటు పూర్తిగా వెలిగించిన మనిషి మాత్రం ఇంకెవరూ దొరకలేదు. అది ఆయనకు బహుమతి వచ్చినంత తృప్తిగా ఉంది.

తర్వాత సీటు ఎత్తి వైరు చూపించాను. ఆయన వంగి చూశాడు. నవ్వు ఆగింది.

"ఇలా ఎవరు కట్టారు?"

వర్గీస్ కూడా వంగి చూశాడు. అదే ప్రశ్న మళ్ళీ వేశాడు, ఇంకా గట్టిగా. నేను నోరు తెరిచాను. బియ్యం సంచులు మోసినవాణ్ణి, స్విచ్చి వైరు పీకి ఉపన్యాసం చెప్పినవాణ్ణి, ఆ ఒక్క ముక్క చెప్పలేకపోయాను.

"కంపెనీ," అన్నాడు మల్లేశం అన్న. "జపాన్."

"జపాన్?"

"జపాన్, బాబా."

బూ సాలెం కాసేపు ఆలోచించి తల పంకించాడు. వర్గీస్‌తో అరబ్బీలో ఏదో వివరంగా చెప్పాడు. వర్గీస్ మాకు హిందీలో చెప్పాడు. జపానువాళ్ళు సన్నగా ఉంటారట. బండి తయారుచేసి తామే కూర్చుని చూసుకుని ఉంటారట. ఖతార్ పంపేటప్పుడు ఒక ఖతారీని కూర్చోబెట్టి చూడాల్సిందట.

"కరెక్ట్," అన్నాడు వర్గీస్. ఆయన ముఖం నిండా వెలుగు. ఆయనకు కావలసిన తప్పుచేసినవాడు దొరికాడు. అతను చాలా దూరంలో ఉన్నాడు.

నేను వైరుకు కొత్త తోలు తొడిగి, కమ్మీ లోపలి వైపు నుంచి తీసి కట్టి, పీకిన స్విచ్చి వైరు మళ్ళీ తగిలించాను. బూ సాలెం ఎక్కి కూర్చున్నాడు, కావాలని రెండుసార్లు ఎగిరి కూర్చున్నాడు. లైటు రాలేదు. కొంచెం నిరాశపడినట్టు కూడా కనిపించాడు. శుక్రవారం మదీనత్ అల్ షమాల్ వెళ్ళి వచ్చాడు. శనివారం షాపుకు చెయ్యంత చేప పంపాడు.

చేప

ఆ చేప మెస్సులో వండించుకున్నాం. ఎదురెదురుగా కూర్చున్నాం.

"అన్నా, ఆ వైరు..."

"ముల్లు జూసుకో," అన్నాడు.

"అది కాదన్నా, నేను..."

"నీ టేపు నాకు ఎరుకలేదా తమ్మీ? లోకమంత ఇటు చుడితె నువ్వు అటు చుడతవ్. సీటెత్తంగనె జూసిన. తిను."

"మరి అబద్ధం ఎందుకు చెప్పావు?"

"నన్ను తోలేస్తరంటె నువ్వు బియ్యం సంచులు మోసినవ్. నిన్ను తోలేస్తె నేను ఎవనితోని మాట్లాడుకుంట తినాలె? వర్గీస్‌తోనా?"

వర్గీస్‌కు నేను తర్వాత కూడా చెప్పలేదు. అది నాకు గొప్ప కాదు. మీకు చెప్పదగిన సలహా ఏదైనా ఉంటే ఇక్కడే ఉంది. బండి మీద చివరిసారి చెయ్యి వేసింది ఎవరని అడిగినప్పుడు మీ రెండు చేతులూ ముందు చూసుకోండి. మీదే అయితే మొదటి నిమిషంలోనే చెప్పండి. రెండో నిమిషానికి గొంతు పట్టేస్తుంది. అందరికీ పక్కన మల్లేశం ఉండడు.

ఆ రోజు నుంచి మా ఇద్దరి మధ్య ఏ తప్పు జరిగినా జపానువాళ్ళదే. కూరలో ఉప్పెక్కువైతే జపానోళ్ళు వేశారు. బస్సు తప్పిపోతే జపానోళ్ళు పోనిచ్చారు. ఇద్దరం మన దేశం తిరిగొచ్చాక కూడా ఫోన్లో అదే. బీపీ మాత్ర మర్చిపోయానంటే, "జపానోళ్ళకు జెప్పు, యాది జేస్తరు," అనేవాడు.

మిక్సీ

ఆయన పోయినప్పుడు నాకు జ్వరం. వెళ్ళలేకపోయాను. నెల తర్వాత వెళ్ళాను. ఆయన భార్య రాజవ్వ నన్ను చూసి కుర్చీ వేసింది. వంటింట్లో ఎవరో వేసిన మిక్సీ చప్పుడు ఒకసారి వచ్చి ఆగింది. మళ్ళీ వచ్చి ఆగింది. ఆమె లోపలికి చూసి, "జపానోళ్ళ పని," అంది తనలో తనే.

నేను తలెత్తాను.

"ఆయన నోట్లె మాట," అంది ఆమె. "ఇంట్ల ఏది ఖరాబైనా జపానోళ్ళు జేసిండ్రంటుండె. పిల్లలు గూడ గదే అంటరు. ఎవరయ్య వాళ్ళు అంటె నవ్వుతుండె గని ఒక్కనాడు జెప్పలె. దుబాయ్‌ల మీతోని పనిజేసిండ్రా?" ఆ ఊళ్ళలో గల్ఫంతా దుబాయే.

ఇన్నేళ్ళూ ఆయన ఇంట్లో కూడా నా పేరు చెప్పలేదన్నమాట.

"ఒక్కడే వదినా. నేనే," అన్నాను. వైరు సంగతి, బూ సాలెం సంగతి, బియ్యం సంచుల సంగతి అంతా చెప్పాను. చెబుతున్నంతసేపూ ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని విన్నది. అయ్యాక నన్ను పైనుంచి కిందికి చూసింది.

"అవునా. మరి తెలుగు మంచిగనె మాట్లాడుతవ్ గద," అంది.

తర్వాత లోపలికి వెళ్ళి మిక్సీ తెచ్చి నా ముందు పెట్టింది. మోటారు విప్పలేదు. ముందు వైరు చూశాను.